వార్చిన నీళ్ళు

"అత్తయ్యా, ఆగండి. ఆ నీళ్ళు పారబోయకండి."

కోడలు చెయ్యి అడ్డం పెట్టేలోపే అత్తగారు గిన్నె ఒంపేశారు. పచ్చటి నీళ్ళు గుడగుడమంటూ సింకులోకి పోయాయి. చిల్లుల గిన్నెలో బ్రకోలీ మిగిలింది. అది బ్రకోలీ అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

అత్తగారు ఒక హాస్టల్లో చాలా ఏళ్ళు వంట చేసిన మనిషి. అక్కడికి కూరగాయలు బస్తాల్లో వచ్చేవి. మట్టీ ఉండేది, పురుగుల మందూ ఉండేది. ముక్కలు కోసి, గంగాళం నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించేవారు. ఉద్యోగం పోయినా చేతి అలవాటు పోలేదు. ముగ్గురికి వండినా ఆవిడది గంగాళం పద్ధతే. బీన్స్ కానీ, పాలకూర కానీ, బఠాణీలు కానీ, రెండుసార్లు మునిగి తేలాల్సిందే. రంగు పోయేది, రుచి పోయేది, చివరికి పేరు కూడా పోయేది.

ఆ కూర తినాల్సింది ఆవిడ కొడుకు. లిఫ్టు మెకానిక్కు. నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరిగి చిక్కి సగమయ్యాడు. మళ్ళీ లేచి పనిలోకి వెళ్తాడా, లేక ఇలా మంచానికే అతుక్కుపోతాడా అన్నదే ఆ ఇంటి బెంగ.

"ఏంటమ్మా ఇది? ఎవరో నమిలి ఊసినట్టుంది" అని కొడుకు పళ్ళెం నెట్టేశాడు.

"తేలిగ్గా అరుగుతుందిరా. తిను."

"ఆయనకి కావాల్సింది బలం అత్తయ్యా" అంది కోడలు. ఆమె గొంతెప్పుడూ పెరగదు. "మీరేమో బలమంతా సింకులో పోసేస్తున్నారు."

ఆ సాయంత్రం ఎదురింటి జిమ్ మాస్టార్ని టీకి పిలిచింది. మొగుడి ముందు కూర్చోబెట్టి మరీ అడిగింది. "ఈయనకి నీరసం తగ్గట్లేదు మాస్టారూ. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబోయొచ్చా?"

మాస్టారికి అడిగేవాళ్ళు దొరికితే ఆకలి కూడా వేయదు. "పారబోస్తే ఇంకేముందమ్మా? పండు పారేసి తొక్క తిన్నట్టే. సారమంతా ఆ నీళ్ళలోనే దిగుతుంది. మా కుర్రాళ్ళకి నేను అవే తాగిస్తాను."

కొడుకు తల్లివైపు తిరిగాడు. "విన్నావా? ఇన్నాళ్ళూ నా ఒంట్లోకి రావాల్సింది మురిక్కాలవలోకి పోయింది."

"చిన్నప్పట్నుంచీ ఈ చేతి వంటే కదరా తిన్నావు."

"అందుకే ఇలా తగలడ్డాను."

మాస్టారు టీ సగంలో వదిలేసి లేచాడు. ఆ తర్వాత అత్తగారు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ ఉండిపోయారు. తోమినవే మళ్ళీ తోమారు. మర్నాడు కొడుకే తేల్చేశాడు, కొన్నాళ్ళు అక్క దగ్గర ఉండి రమ్మని.

బస్టాపు దాకా సంచీ మోసింది కోడలే. బస్సెక్కించి, కిటికీలోంచి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. "దిగులు పెట్టుకోకండి అత్తయ్యా. ఆయన్ని నేను చూసుకుంటానుగా."

ఇలాంటి కోడలు నూటికో కోటికో ఒకరని ముందు సీట్లో ఒకావిడ పక్కావిడతో అంది. అత్తగారు కళ్ళు తుడుచుకుని తలూపారు.

ఇక ఆ ఇంట్లో వంటంటే వంటే. గిన్నెలో కొద్దిగానే నీళ్ళు, మీద మూత, ముక్క ఇంకా కరకరలాడుతుండగానే దించేయడం. బ్రకోలీ చెట్టు మీద ఉన్నంత పచ్చగా పళ్ళెంలోకి వచ్చేది. రోజంతా ఉడికించిన కూరల నీళ్ళన్నీ ఒక గిన్నెలోకి పట్టి, చిక్కబడేదాకా మరిగించి, మిరియాల పొడి చల్లి, పెద్ద గ్లాసుతో పొద్దునా సాయంత్రం ఇచ్చేది.

అతను లొట్టలేసుకుంటూ తాగేవాడు. "పెళ్ళై ఇన్నేళ్ళకి ఒక్క పని సరిగ్గా చేశావు" అన్నాడొకరోజు. ఆ నోటినుంచి అంతకన్నా మంచిమాట ఆమె ఎప్పుడూ వినలేదు. చిన్నగా నవ్వి గ్లాసు కడగడానికి వెళ్ళింది.

అత్తగారు ఫోన్ చేశారు. "నీళ్ళు వార్చే పెట్టవే అమ్మా. మందులు కొట్టి పండిస్తున్నారు."

"అలాగే అత్తయ్యా" అంది కోడలు.

అతను ఫోన్ లాక్కున్నాడు. "నువ్వు చేసింది చాలు. నన్ను బతకనివ్వు" అని పెట్టేశాడు.

కొన్నాళ్ళకి కాళ్ళు బరువెక్కాయన్నాడు. మెట్ల దగ్గర కనిపించిన మాస్టారు, "ఒంటికి బలం పట్టేటప్పుడు మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాడు. ఆమె గ్లాసు ఇంకాస్త పెద్దది తీసింది. ఆసుపత్రికి ఒకసారి వెళ్ళొద్దామా అని అడిగింది కూడా, అతను వద్దంటాడని తెలిసే. వద్దన్నాడు.

ఒకరోజు పొద్దున చేతులు కూడా లేవలేదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుందని గొణిగాడు. ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుంది. గ్లాసు పెదాలకి ఆనించి, గడ్డం మీదికి కారింది చీర చెంగుతో తుడిచింది.

"ఇంకొక్క గుక్క. అడుగున ఉన్నదే అసలు సారం."

అతను కష్టపడి మింగాడు.

కిందటిసారి ఆసుపత్రిలో, లోపల అతనికి పరీక్షకి రక్తం తీస్తుండగా, "మీ అత్తగారు అలా రెండేసిసార్లు నీళ్ళు వార్చి పెట్టబట్టే కిడ్నీలు మూలపడినా మీ ఆయన గుండె ఆగకుండా ఉంది, ఆ నీళ్ళలో దిగే సారం ఈయనకి విషం, ఒక్క గుక్క కూడా తాగనివ్వకండి" అని డాక్టరమ్మ వరండాలోకి పిలిచి చెప్పింది ఈ కోడలొక్కదానికే.