ఓవెన్‌లో బ్యాటరీ

అమెరికాలో మా ఊరు షామ్‌బర్గ్ చలికి పెరుగు తోడుకోదు. అందుకే గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి ఉంచుతాను. ఈ చలికాలం ఆ చోటు మా ఆయన ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ బ్యాటరీ పాలైంది. చలికి అది నీరసపడుతుందట. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, మంచులో బండి దూకిస్తాడట!

చీకటి పడ్డాక వంటింటి కిటికీలోంచి చూస్తే, వెనక మైదానంలో బండి తిరుగుతోంది. మోత లేదు. టైర్ల కింద మంచు నలిగే కరకర మాత్రమే. మొదటి రోజే కిందపడి వంకర చేసిన హెడ్‌లైటు ఇంకా పక్కచూపులే చూస్తోంది. చెప్పకుండానే బయల్దేరాడన్నమాట, వీరుడు.

ఈ పూటకైనా పెరుగుకు చోటు దొరికిందనుకుని ఓవెన్ తెరిచాను. బ్యాటరీ అక్కడే ఉంది. అది లేనిదే బండి కదలదు, లైటూ వెలగదు.

"వసూ, బ్యాటరీ వెచ్చబడిందా?" హెల్మెట్ పెట్టుకుంటూ మేడ మీంచి దిగాడు ఆయన.

బయట కరకర ఆగింది. వంకర వెలుగు మా కిటికీ వైపు తిరిగింది.

"ఇవాళ వద్దండీ," అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మొదలెట్టావా! ఒక్క రౌండేనే. ఎలా జంప్ చేస్తానో చూద్దువుగాని."

పెళ్లయ్యాక ఆయన్ని ఇంత గట్టిగా పట్టుకున్నది లేదు. అదేదో ప్రేమనుకుని మురిసిపోతున్నాడు, పిచ్చి మారాజు.

గోడ అవతల గరాజ్ తలుపు మెల్లగా పైకి లేస్తున్న చప్పుడైంది.

"థాంక్సోయ్," అన్నాడు. "రిమోట్ నువ్వే నొక్కావా?"