వంతెన కింద మనిషి

"వంతెన కింద ఉన్న మనిషిని అడిగే సినిమా తీశావా అమ్మాయ్?"

చినత్సు చేతిలోని టీ ఒలికిపోయింది. షిమోకితజావా పేటలోని ఆ బుల్లి థియేటర్లో కొత్త దర్శకుల పొట్టి సినిమాల పోటీ జరుగుతోంది. ఆమె తీసిన మొదటి సినిమా, పద్నాలుగు నిమిషాలది, ఇప్పుడే అయింది. చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. బయటికి రాగానే యాభై దాటిన ఒకావిడ పెదవులు బిగించి అడ్డంగా నిలబడింది.

"చివర్లో తామా నది ఒడ్డున, వంతెన కింద సాక్సోఫోన్ ఊదుతున్నాడే, ఆయన మా ఆయన."

చినత్సు నడుం దాకా వంగింది. "క్షమించండి. అడగలేదండీ. దూరంనుంచి తీశాను, ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను."

"ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని. వీపు చూసినా పోల్చుకుంటాను."

పోటీ నడిపే ఒగిషిమా గబగబా వచ్చాడు. "అనుమతి లేదా? రూలు తెలుసుగా చినత్సూ! ఈవిడ ఫిర్యాదు రాసిస్తే నీ సినిమా పోటీలోంచి పోయినట్టే."

చినత్సు రెండేళ్లు బెంతో దుకాణంలో అన్నం డబ్బాలు సర్దుతూ తీసిన సినిమా అది. పోనీ ఆ చివరి దృశ్యం కోసేస్తే ఇంకేముంది అందులో?

"ఆ ముక్క మళ్లీ చూపించు," అందావిడ.

చినత్సు లాప్‌టాప్ తెరిచింది. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఎప్పుడు తీశావిది?"

"వరసగా ఆరు గురువారాలు. సాయంత్రం వచ్చి చీకటి పడేదాకా ఊదేవారు."

"ఆరు వారాలూ ఒక్కడేనా? పక్కన ఎవరూ లేరా?"

"ఎవరూ లేరండీ."

ఆవిడ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని చినత్సు కంగారుగా వంగి చూసింది. ఆవిడ నవ్వుతోంది!

"ఒక్క బొమ్మ కూడా కొయ్యకు. రేపు ఆయన్ని చెవి పట్టుకుని లాక్కొచ్చి సంతకం పెట్టిస్తాను."

చినత్సు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆవిడ సంచిలోంచి ఆకుపచ్చ అంచున్న కాగితం తీసి, పరపరా చింపి ఒగిషిమా చేతిలో పోసింది. పై ముక్క మీద 'విడాకుల దరఖాస్తు' అని ఉంది.

"గురువారం వస్తే ఓవర్‌టైమ్ అంటాడు, ఫోన్ చేస్తే ఆఫీసులో ఉండడు. ఎవతెతోనో తిరుగుతున్నాడనుకున్నాను. ఇంత ఘోరంగా ఊదేవాడి పక్కన ఏ ఆడది నిలబడుతుందిలే!"