బేసి అధ్యాయాలు

"ఇదేం బైండింగమ్మా? వీడెవడో గానీ చదువుకున్నవాడైతే కాదు!" అంటూ హిస్టరీ మాస్టారు లైబ్రరీ కౌంటర్ మీద నవల దబ్బున పడేశారు. "ఒకటి తర్వాత మూడు, మూడు తర్వాత అయిదు. రెండూ నాలుగూ ఏ గంగలో కలిశాయి?"

లైబ్రేరియన్ కళ్లజోడు సర్దుకుని పేజీలు తిప్పింది. నిజమే. ఎనభై ఏళ్ల కిందటి ప్రేమకథ ఒక అధ్యాయం, ఇప్పటి కథ ఒక అధ్యాయం చొప్పున నడిచే నవల అది. మాస్టారికి దొరికినవన్నీ పాత కాలంవే.

"కాగితాలు ఊడిపోతున్నాయి, బైండింగ్‌కి పంపమని మీరే అన్నారు కదండీ! రాగానే మీకే ఇవ్వాలని లోపల చీటీ కూడా పెట్టారు. రెండు పుస్తకాలై వచ్చింది. లావుగా ఉందని రెండు భాగాలు చేశారేమో అనుకున్నాను."

"ఆ రెండోది ఏది మరి?"

"పొద్దున్నే ఒకావిడ తీసుకుంది. అదిగో, ఆ మూల బల్ల దగ్గరే చదువుకుంటోంది. వెళ్లి అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు."

మాస్టారు అటు తిరిగి, తిరిగినవారు తిరిగినట్టే నిలబడిపోయారు. ఆ మూల కూర్చున్నది ఆయన భార్య. ఇల్లు వదిలి వెళ్లి ఎనిమిది నెలలైంది. సోమవారం కోర్టులో ఇద్దరూ సంతకాలు పెట్టేస్తే ఆ కాపురం కూడా చరిత్రలో కలిసిపోతుంది.

వెనక్కి వెళ్లిపోదామనే అనుకున్నారు. కానీ పాడు నవల, సరిగ్గా పట్టు మీద ఆగింది.

"ఆ పుస్తకం నాకు కావాలి," అన్నారు దగ్గరికి వెళ్లి.

"నేను చదువుతున్నాను." ఆవిడ తలెత్తలేదు.

"పాత కథంతా నా దగ్గరుంది. అది లేకుండా నీకేం బోధపడుతుంది?"

"ఇప్పటి కథంతా నా దగ్గరుంది. ఇది లేకపోతే మీకూ అంతేగా."

కౌంటర్ నుంచి "ష్!" అని వినిపించింది. మాస్టారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. అప్పుడు ఆవిడ చేతులు కనిపించాయి. బాగా చిక్కిపోయాయి. గోళ్ల అంచున తెల్లగా పిండి ఎండి ఉంది. ఎక్కడో నాలుగిళ్లలో వంట చేసుకుంటోంది కాబోలు అనుకున్నారు. మనసు కలుక్కుమంది. పైకి మాత్రం క్లాసులో లాగా గొంతు సవరించుకున్నారు.

"నేను చెప్తాను, విను. వాడు భూములు కొలిచే సర్వేయరు. ఆమె బట్టలు కుట్టుకునే మనిషి. ఇద్దరికీ ప్రాణం. వాడికి దూరంగా కొండల్లోకి బదిలీ అయింది. నెలనెలా ఉత్తరం రాశాడు, నలభై ఉత్తరాలు! ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి విసిగి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. తప్పంతా ఆ రాతిగుండెదే."

ఆవిడ గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్క పక్కకి జరిపి, పేజీ మీద వేలుంచింది.

"ఆ ఉత్తరాలు నా దాంట్లో ఉన్నాయి. ఆమె మనవరాలికి దొరికాయి. మీరన్న ఆ రాతిగుండే వాటిని పాత కోటులో, లోపలి గుడ్డకీ పైగుడ్డకీ మధ్య పెట్టి కుట్టేసింది. ఒక్కటీ విప్పలేదు."

"విప్పనే లేదా! ఏం పొగరు!"

"ఆమెకి చదవడం రాదు."

మాస్టారు ఆవిడ వేలుంచిన పేజీ వైపు వంగి చూశారు.

"సిగ్గుతో ఎవరిచేతా చదివించుకోలేదు. ఆ కోటు తొడుక్కునే ముసలిదైపోయింది. రెండేళ్లు చెట్టాపట్టాలేసుకుని తిరిగారు కదా, నీకు చదువొచ్చా అని అతను ఒక్కనాడూ అడగలేదు."

"అయితే ఆమే చెప్పొచ్చుగా!"

"అడగని మనిషికి ఎన్నిసార్లు చెప్తామండీ?"

ఆ గొంతులో వణుకు నవల గురించి కాదని మాస్టారికి తెలిసింది. ఏ రాజు ఏ ఏట పోయాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరాయన. పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషిని మాత్రం రెండే అడిగారు: కాఫీ ఏది, కళ్లజోడెక్కడ. ఎనిమిది నెలలుగా ఆవిడ ఎలా బతుకుతోందో ప్లీడరుకి తెలుసేమో గానీ ఆయనకి తెలియదు. తన మీద తనకే రోత పుట్టింది.

లైబ్రేరియన్ ఒక్కో కిటికీ మూసుకుంటూ వస్తోంది. ఇంకా ఆరు అధ్యాయాలున్నాయి, మూడు ఆయనవి, మూడు ఆవిడవి.

"సోమవారం... నీకు సంతకం పెట్టాలనే ఉందా?" అన్నారు మాస్టారు, బల్ల వైపు చూస్తూ.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ముందు నవల పూర్తికానివ్వండి."

ఆయనకి కాస్త ఊపిరాడింది. ఒకటి అడిగాక రెండోది సులువుగానే వచ్చింది.

"ఇంతకీ ఏం పని చేస్తున్నావ్ ఇప్పుడు? చేతులు అలా అయిపోయాయి?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్క తీసి ఆయన ముందుకు జరిపింది. అది మాస్టారు స్వహస్తాలతో రాసి పెట్టిన చీటీయే: 'రాగానే నాకే ఇవ్వాలి.'

"ఇందాక కౌంటర్ దగ్గర బైండింగ్ చూసి మీరు తిట్టింది నన్నేనండీ."