మగకంపు

విత్తులు తీసేసిన పంది నోట నురగ కక్కుతూ పక్కదాని మీదికి ఎక్కుతోంది.

కొట్టమంతా మగకంపు.

"క్లైడ్! ఇలా వచ్చి నీ పనితనం చూసుకో!" అని అరిచింది లొరీన్.

అమెరికాలోని మిస్సోరిలో ఆమె పరిశోధనంతా ఈ పొట్టి పందుల మీదే. ఎదిగే వయసులో పురుష హార్మోన్ గుండె రక్తనాళాలను ఎలా మారుస్తుందో తేల్చాలి. అందుకే మగ పందిపిల్లల్లో సగానికి విత్తులు తీయించి, మిగతా సగాన్ని అలాగే పెంచుతోంది.

తీసింది పశువైద్యుడైన ఆమె భర్త క్లైడే.

అతను చెమటలు కక్కుతూ వచ్చాడు. "రెండూ తీశాను."

"మరి ఇదేంటి?"

"ఆడుకుంటోంది."

"నురగ కక్కుకుంటూనా? ఒక విత్తు కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయింది మహానుభావా! దొరకలేదని అప్పుడే చెప్పొచ్చుగా. ఏడాదిగా పెంచాను. ఇప్పుడిది ఏ గుంపుకీ పనికిరాదు."

"ఒక్క పందికి ఇంత గోలా మహాతల్లీ!"

అతను కొట్టం గోడకు ఆనుకుని ఎడమ దవడ రుద్దుకున్నాడు.

"దవడకేమైంది?"

"పన్ను."

"మొన్న భుజమన్నావు."

"మొన్న భుజమే."

"డాక్టరు దగ్గరికి వెళ్లి చావమన్నానా లేదా?"

"జింకల వేట సీజను అయిపోయాక వెళ్తాలే."

"అసలు మీ మగాళ్లకి..." అంటూ అతని వైపు తిరిగింది.

క్లైడ్ ముఖం బూడిద రంగులో ఉంది.

"బండి తాళాలివ్వు."

"నేను నడుపుతా."

"ఇస్తావా, నిన్నూ ఆ పందితో పాటు లోపల పెట్టి గొళ్లెం వేయనా?"

ఇచ్చాడు.

వాదించకుండా ఇచ్చినందుకే ఆమెకు భయమేసింది.

దారి పొడవునా తిడుతూనే ఉంది. ఆస్పత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్తుంటే తలుపు దాకా తిట్టింది.

తలుపు మూసుకున్నాక వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

చాలాసేపటికి ఒక కుర్ర డాక్టరు బయటికొచ్చాడు. ఆమె గుండె నాళాల మీదే పరిశోధన చేస్తుందని అతనికి తెలియదు. పక్కన కూర్చుని, కాగితం మీద గుండె బొమ్మ గీశాడు.

"ఇవి గుండెకు రక్తం అందించే నాళాలమ్మా. ఇదిగో, ఇది మూసుకుపోయింది. తెరిచాం. కానీ ఆలస్యమైంది. రేపటి దాకా ఏమీ చెప్పలేం."

అతను ఒక నాళాన్ని తప్పు చోట గీశాడని ఆమెకు చూడగానే తెలిసింది.

"అర్థమైందా అమ్మా?"

లొరీన్ ఆ కాగితాన్ని దగ్గరికి జరుపుకుంది.

"ఇంకోసారి చెప్పండి" అంది.