నీళ్ల కిందికి వినిపించే స్టేషన్

మెకానిక్ వారం రోజులు ఆ రేడియోతో తిప్పలు పడ్డాడు. పాత షార్ట్‌వేవ్ సెట్టు అది. దానికి పక్కన ఓ చిన్న పెట్టె తగిలించి, ఎన్నడూ దిగనంత తక్కువ ఫ్రీక్వెన్సీల దాకా దించాడు. జలాంతర్గాములకు కబుర్లు పంపేది అక్కడేనట. సముద్రం లోపలికి చొరబడేవి ఆ తరంగాలేనట.

రేడియో తెచ్చిన పెద్దావిడ కొడుకు అలాంటి జలాంతర్గామిలోనే ఉన్నాడు. నాలుగు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు.

“వాడి మాట ఎటూ వినపడదు. వాడు వినేదైనా మేమూ వింటాం బాబూ,” అందావిడ. తర్వాత గొంతు తగ్గించింది. “నాకోసం కాదు. కోడలు ముద్ద ముట్టడం లేదు.”

తీరా చూస్తే ఊళ్లో మోటార్ల రొద తప్ప ఇంకేమీ పట్టలేదు. ఆ మాట చెప్పడానికి మెకానిక్‌కి నోరు పెగల్లేదు. బీప్ బీప్ అనే చిన్న సర్క్యూట్‌ని, ఒక బ్యాటరీని పెట్టెలో దాచి మూత బిగించి ఇచ్చేశాడు.

ఆ పూటే కోడలు కడుపునిండా తిన్నది. అప్పట్నుంచీ మెకానిక్‌కే తిండి సయించలేదు. దుమ్ము దులిపే వంకతో నెలనెలా వెళ్లి బ్యాటరీ మార్చేవాడు. ఎంత పాపిష్టి పని చేశాన్రా అని దారంతా తనను తాను తిట్టుకునేవాడు.

ఈసారి జ్వరమొచ్చి మంచాన పడ్డాడు. లేచేసరికి గడువు దాటి రెండు వారాలైంది. బీప్ ఆగిపోయి ఉంటుంది. పాపం, ఆ ఇద్దరూ ఏమనుకుని ఉంటారో! ఒంట్లో ఓపిక లేకపోయినా బయల్దేరాడు. ఇవాళ నిజం చెప్పేసి కాళ్లమీద పడాలనుకున్నాడు.

గుమ్మంలోనే వినిపించింది. బీప్, బీప్.

పెద్దావిడ అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. గబగబా మూత తీశాడు. లోపల కొత్త బ్యాటరీ ఉంది. తలెత్తితే ఎదురుగా కోడలు.

“నన్ను క్షమించమ్మా,” అన్నాడు.

“నాకెప్పుడో తెలుసన్నయ్యా. ఉరుములొస్తే ఏ రేడియో అయినా గరగరమంటుంది. దీనికి చీమ కుట్టినట్టయినా లేదు. అత్తయ్యకి మాత్రం చెప్పకండి. ఆవిడ ప్రాణమంతా దీనిమీదే ఉంది.”

“చెప్పను తల్లీ. నేను రాలేకపోయినా బ్యాటరీ మార్చి నా పరువు కాపాడావు.”

కోడలు తెల్లబోయింది.

“బ్యాటరీ నేను మార్చలేదే, మీరే వచ్చి మార్చి వెళ్లారనుకున్నాను.”

ఇద్దరూ ఒక్కసారే వంటింటి వైపు చూశారు.