తీసేసిన డ్రైవరు

కంప్యూటరుకి టేపు డ్రైవు కనిపించడం లేదు.

సిస్టమ్స్ చూసే ఆవిడ కేబుల్ పీకి మళ్లీ పెట్టింది. తెర మీద అదే జవాబు. అలాంటి పరికరం ఏదీ లేదట.

వెనకాల డాక్టరమ్మ నిలబడి ఉంది.

"నిన్నటిదాకా పనిచేసింది కదా?"

"నిన్న కొత్త సిస్టం ఎక్కించాను మేడం. లోపలున్నది పాతకాలం కార్డు. టేపు మాట కంప్యూటరుకి మోసేది అదే. ఆ కార్డుని నడిపే డ్రైవరు కొత్తదాంట్లోంచి తీసేశారు."

"అయితే పాత సిస్టమే పెట్టెయ్."

"దాన్ని తుడిచేశాకే ఇది ఎక్కింది."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"నాలుగో నంబరు పేషెంటుకి మెడలో గడ్డ తిరగబెట్టింది. అప్పట్లో రేడియేషన్ ఎక్కడ ఎంత పడిందో ఆ టేపులోనే ఉంది. అది తెలియకుండా మళ్లీ ఇస్తే వెన్నుపాము మాడిపోతుంది. ఇవ్వకపోతే ఊపిరాడదు. మధ్యాహ్నం రేడియేషన్ మిషన్ని సర్వీసుకి విప్పేస్తారు. మళ్లీ బిగించేదాకా ఆగే కేసు కాదు."

అని వెళ్లిపోయింది.

సిస్టమ్స్ ఆవిడకి పేషెంట్లు నంబర్లుగానే తెలుసు. ఆ గదికి ఫైళ్లు వస్తాయి, మనుషులు రారు.

ఇవాళ ఒక మనిషి వచ్చాడు. తలుపు సందులోంచి తొంగిచూశాడు. మెడకి మఫ్లరు, భుజాన ల్యాప్‌టాప్ సంచి.

"అమ్మా, ఒక్క మాట."

గుసగుసగా అన్నాడు. ఆసుపత్రి కదా అని గొంతు తగ్గించాడనుకుంది.

"ఏదైనా అమ్మాలంటే పై అంతస్తుకి వెళ్లండి."

"అమ్మడానికి రాలేదు తల్లీ. ఆ కార్డు..."

"బాబాయిగారూ, ఇల్లు కాలి నేనేడుస్తుంటే చుట్టకి నిప్పు కావాల్సొచ్చిందా మీకు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. ఆమె తలుపేసింది.

ఆ సిస్టం రాసేవాళ్లకి నెట్‌లో ఒక గ్రూపుంది. అక్కడ తిట్టుతోనే మొదలుపెట్టింది.

"పాత కార్డు డ్రైవరు పీకేసిన మహానుభావుడెవరు? ఎవరూ వాడటం లేదని మీకెవరు చెప్పారు? ఇక్కడ ఒకరి ప్రాణం మీదికొచ్చింది. ఆ చేతులు పడిపోను!"

కాసేపటికి జవాబొచ్చింది. పంపినవాడి పేరు 'పాతసామాను'.

"పీకింది నేనే. కార్డు మీదున్న నంబరు చెప్పండి."

ఆమె నంబరు కొట్టింది. ఊరుకోలేక ఇంకో మాటా కొట్టింది.

"సిగ్గుగా లేదూ?"

"ఉంది. తర్వాత పడతాను. కొత్త సిస్టం ఏ వెర్షను?"

చెప్పింది.

"పాత డ్రైవరు నెట్‌లో దొరుకుతుంది. దాన్ని మాత్రం ఎక్కించకండి. కొత్త సిస్టంతో దానికి పడదు. టేపుని ఒక్క ఊపున వెనక్కి లాగుతుంది. పాత టేపు, తెగుతుంది."

ఆమె దాన్ని అప్పటికే దించి పెట్టుకుంది. ఎంటర్ నొక్కడమే తరువాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరేం చెయ్యమంటారు?"

"మీ వెర్షనుకి సరిపడేలా మార్చి పంపుతాను. ఆగండి."

ఆమె ఆగింది. గడియారం ఆగలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్లింది.

ఫైలు వచ్చింది. ఎక్కించింది. కార్డు కనిపించింది. టేపు కనిపించలేదు.

"సగమే పనిచేసింది. మీ బుర్రలాగే."

"కావచ్చు. కేబుల్ చివర టోపీలాంటి ప్లగ్గు ఉండాలి. ఉందా?"

ఆమె కేబుల్ చివర చూసింది. బోడిగా ఉంది. నిన్న దుమ్ము దులుపుతూ ఆ ప్లగ్గుని తనే ఊడదీసి సొరుగులో పడేసింది. దాని రెండో కొస దేనికీ తగిలించి లేదు మరి.

"ఉండేది. ఎందుకూ పనికిరాదనుకుని తీసేశాను."

"నేనూ అంతే. పెట్టెయ్యండి. అది లేకపోతే ఆ తీగ మీద ఎవరి మాటా ఎవరికీ వినపడదు."

సొరుగు వెతికి ప్లగ్గు తీసి బిగించింది. టేపు కదిలింది. తెర మీదికి అంకెలు దిగాయి.

డాక్టరమ్మ వచ్చి, ప్రింటు తీసిన కాగితాలు చదువుతూనే పరుగెత్తింది.

"వచ్చింది! అన్నీ వచ్చాయి!" అని సిస్టమ్స్ ఆవిడ గ్రూపులో కొట్టింది.

"మంచిది. నన్ను పిలుస్తున్నారు. వెళ్లాలి."

"ఎవరండీ మీరు? ఏ ఊరు? పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ చేతులు చల్లగుండ!"

ఆమె కుర్చీలోంచి లేచింది.

ప్రింటరులో ఒక పేజీ మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని రేడియేషన్ గది దగ్గరికి పరుగెత్తింది. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. బయట ఆపరేటరు కూర్చుని ఉన్నాడు.

"ఆ పేజీ డాక్టరమ్మ ఇక్కడే మళ్లీ ప్రింటు తీయించుకుంది అక్కా. పేషెంటుకి తల కదలకుండా ముసుగు బిగించేశాం. నాలుగో నంబరుతో పెద్ద తంటా అయిందనుకో. పొద్దున డాక్టరమ్మ పాత కార్డు సంగతి చెప్పిన దగ్గర్నుంచీ ల్యాప్‌టాప్ వదల్లేదు. టైమైంది రావయ్యా అంటే, ఉండమని చెయ్యి చూపిస్తూ టైపు చేస్తాడు. గడ్డ నొక్కేసి గొంతు పెగలడం లేదు, గుసగుసే పాపం. చివరికి రెక్క పట్టుకుని లాక్కెళ్లాల్సొచ్చింది."

ఆమె పక్కనున్న బల్ల వైపు చూసింది.

మడతపెట్టిన మఫ్లరు పక్కన ల్యాప్‌టాప్ తెరిచే ఉంది, దాని తెర మీద ఆమె రాసిన 'మీ చేతులు చల్లగుండ' చదివేవాడి కోసం ఎదురుచూస్తోంది.