ఛాతీ ఫిల్ము

చెన్నరాయప్పకు జపాను వీసా రాలేదు. ఛాతీకి తీసిన ఎక్స్‌రే ఫిల్ములో ఎడమ పక్క మచ్చ ఉందనీ, అది క్షయ కావచ్చనీ, నయం చేయించుకొని కొత్త ఫిల్ము పంపితే వచ్చే ఏడు చూస్తామనీ ఉత్తరం వచ్చింది. అది 1961. శిడ్లఘట్ట పక్క పల్లెలో, చెన్నరాయప్ప ఇంటి అరుగు మీద కూర్చొని, రేష్మె ఇలాఖా, అంటే పట్టు పరిశ్రమ శాఖ, ఇన్‌స్పెక్టరు మునికృష్ణప్ప ఆ ఇంగ్లీషు ఉత్తరాన్ని చదివి చెప్పాడు.

జపానులో పట్టునూలు తీసే కొత్త మిషన్ల మీద ఆరు నెలల శిక్షణ. జిల్లా మొత్తానికి ఒకే ఒక్క సీటు. పోయి వస్తే ఇలాఖాలో కుర్చీ, లేదంటే చచ్చేదాకా పట్టుగూళ్ళు ఉడికించే బట్టీ పొగ. పాస్‌పోర్టుకనీ, పోలీసు విచారణకనీ, తాలూకా అమల్దారు సంతకానికనీ, మశూచి టీకా వేసినట్టు రాసే పచ్చ పుస్తకానికనీ చెన్నరాయప్ప ఏడు నెలలు తిరిగాడు. అన్నీ కుదిరి ఛాతీ దగ్గర ఆగిపోయింది.

ఆగడంలో వింతేమీ లేదని ఊరు అనుకుంది. చెన్నరాయప్పది బక్క ప్రాణం. చలికాలమంతా దగ్గుతాడు. ఆ దగ్గుకు భయపడే, ఫిల్ము తీయించుకోవడానికి బెంగళూరుకు తమ్ముడు గురప్పను వెంటబెట్టుకొని పోయాడు. గురప్ప ఇద్దరు మోసే గూళ్ళ బుట్టను ఒక్కడే నెత్తికెత్తుకొనే మనిషి.

ఉత్తరం విని గురప్ప గోడకు ఆనుకొని కూలబడ్డాడు.

"ఆ పొద్దు డాక్టరు ఏమీ అనలేదే అన్నా."

"ఆ ఫిల్ము సరిగా పడలేదంట రా. మరుసటి వారం నేనొక్కడే పోయి ఇంకొకటి తీయించుకొనొస్తి కదా. దాంట్లో కనపడిండాది."

గురప్ప అన్న చేతులు పట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

చింతామణిలోని డాక్టరు, ఉత్తరంతో పాటు తిరిగొచ్చిన ఆ ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఇంజెక్షన్లు రాశాడు. ఇంట్లో అందరూ ఒకసారి ఫిల్ము తీయించుకోవాలని చెప్పాడు.

"గురప్పకూ తీయిద్దామా నాయనా?" అని తల్లి కెంపమ్మ అడిగింది.

"వానికేమమ్మా, ఎద్దు మాదిరి ఉండాడు. వాడు బెంగళూరుకు పోతే పట్టుపురుగులకు ఆకేసేదెవరు?"

చెన్నరాయప్పకు వేరే గది, తినడానికి వేరే తట్ట, వేరే చెంబు. ఇంట్లో ఉన్నది ఒక్క ఎనుము, దాని పాలన్నీ అతనికే. గుడ్డు ముట్టని కెంపమ్మ కొడుకు కోసం తన చేత్తో గుడ్లు ఉడికించింది. గురప్పకు ఎప్పటి సంగటే. తెల్లవారకముందే ఆకు కోసేవాడు, పురుగులకు వేసేవాడు, పగలంతా బట్టీ దగ్గర నూలు తీసేవాడు. వచ్చి అన్నకు నీళ్ళు కాచేవాడు.

ఉగాదికల్లా జబ్బు మనిషికి బుగ్గలు వచ్చాయి. చొక్కాలు బిగువయ్యాయి. క్షయ ఇంత బాగా పట్టిన మనిషిని ఆ ఊరు అంతవరకు చూడలేదు. దగ్గు మాత్రం గురప్పకు వచ్చింది.

"అన్న గదిలోకి పోవద్దురా అంటే వింటివా? చూడు, నీకూ అంటుకొనిండాది," అని కెంపమ్మ వాణ్నే తిట్టింది.

ఒకరోజు గురప్ప గడప బయటే నిలబడి అడిగాడు.

"అన్నా, నన్నొకసారి చింతామణికి పిల్చుకొని పో. రాత్రిళ్ళు ఒళ్ళంతా చెమట పోస్తాండాది."

చెన్నరాయప్ప పాల లోటా కింద పెట్టాడు.

"నా వీసా రానీరా గురప్పా. ఈ ఇంట్లో ఇంకొకరికి ఉండాదని తెలిస్తే నన్ను మళ్ళీ ఆపేస్తారు. కొన్నాళ్ళు ఓర్చుకో."

గురప్పకు అది న్యాయంగానే తోచింది. సరే అన్నా, అని బట్టీకి పోయాడు.

గడువు రాగానే చెన్నరాయప్ప బెంగళూరుకు ఒక్కడే పోయి కొత్త ఫిల్ము తీయించుకొని వచ్చాడు. చింతామణి డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఇంత మచ్చ ఏడాదిలో ఆనవాలు లేకుండా పోవడం తన సర్వీసులో చూడలేదన్నాడు. కెంపమ్మ ఇంటికి వచ్చి ఎనుముకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది.

నెల తిరిగేసరికి పాస్‌పోర్టులో వీసా ముద్ర పడింది. చెన్నరాయప్ప మాట తప్పలేదు. మరుసటి రోజే బండి కట్టించి తమ్ముణ్ని చింతామణికి తీసుకుపోయాడు. డాక్టరు గురప్ప వీపు మీద గొట్టం పెట్టి విని, చెన్నరాయప్పను బయటికి పిలిచాడు.

"రెండు పక్కలా పాకిండాదప్పా. ఏడాది ముందు తెచ్చింటే బతికించుకొనింటిమి."

ప్రయాణం రోజు ఊరివాళ్ళు పూలదండలు తెచ్చారు. అన్న ఖాళీ చేసిన గదిలో, అన్న మంచం మీద గురప్ప పడుకొని ఉన్నాడు. లేవలేకపోయాడు. చెన్నరాయప్ప దగ్గరికి వచ్చి నిలబడితే నవ్వాడు.

"ఏడవొద్దన్నా. నీది నాకొచ్చి నీకు నయమాయె. అదే మేలు. పోయి రా."

చెన్నరాయప్ప నిజంగానే ఏడ్చాడు. బస్సు ఎక్కేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. తమ్ముడంటే అంత ప్రేమ ఈ కాలంలో యాడుండాది అని ఊరు మెచ్చుకుంది.

అంతకుముందటి ఏడు బెంగళూరులో ఎక్స్‌రే తీసింది ఒక్కసారే, ఆ రోజు చెన్నరాయప్ప అని పేరు పిలిస్తే చొక్కా విప్పి మిషను ముందు నిలబడింది గురప్ప.